మత్స్యకారుల కోసం ట్రస్టు పెడతారా? ముందు జాబితా సంగతి తేల్చుకోండి

తుఫాను వెళ్ళిన వారం విశాఖలో రెండు రకాల వ్యాన్లు తిరుగుతుంటాయి. ఒకటి కరెంటు వాళ్ళది, రెండోది సాయం పంచేవాళ్ళది. హుద్‌హుద్ అప్పుడైతే (2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా మన నెత్తి మీదే తీరం దాటింది, గాలి గంటకు 180 కిలోమీటర్ల పైన) ఈ రెండో రకం చాలానే వచ్చాయి. పులిహోర పొట్లాలు, నీళ్ళ ప్యాకెట్లు, కొవ్వొత్తులు, దుప్పట్లు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ఆ నాలుగు రోజులు కావలసినవి అవే. చిక్కంతా ఆ తర్వాత. వ్యాన్లు వెళ్ళిపోతాయి, టీవీ కెమెరాలు ఇంకో జిల్లాకు వెళ్ళిపోతాయి, మత్స్యకారులుండే జాలారిపేటల్లో మాత్రం బోట్లు ఒడ్డున పగిలి పడుంటాయి, ఇళ్ళల్లో పొయ్యి వెలగడానికి అప్పు పుట్టించాలి. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, ఇలా అప్పటికప్పుడు పరిగెత్తడం కాదు, మనమే ఒక ట్రస్టు పెట్టేద్దాం అని.

మంచి ఆలోచనే. కానీ ట్రస్టు పెట్టడం పెద్ద పని కాదు. డీడ్ రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెడితే ట్రస్టు పుట్టేస్తుంది. ఎవరికి ఏం పోయింది, దేన్ని ఇస్తే వాళ్ళు మళ్ళీ వేటకు వెళ్ళగలరు, ప్రభుత్వం ఇచ్చేది ఎవరిదాకా వస్తుంది, ఎవరి దగ్గర ఆగిపోతుంది — ఇవి తేల్చుకోవడమే పని. ఇవి తేలకుండా డబ్బు పోగుచేస్తే అది సులువుగా దొరికినవాళ్ళకు చేరుతుంది తప్ప అవసరం ఉన్నవాళ్ళకు చేరదు. అందుకే ఇక్కడ చట్టం సంగతి తర్వాత, సముద్రం సంగతి ముందు.

విశాఖ తీరంలో వేట ఒక రకంగా ఉండదు. ఫిషింగ్ హార్బరులో కనిపించేవి మరబోట్లు. వాటిలో పెద్దవి, సోనా బోట్లనేవి, రోజుల తరబడి సముద్రంలోనే ఉండేలా ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని వెళ్తాయి. చాలా బోట్లకు యజమాని ఒడ్డునే ఉంటాడు, వేటకు వెళ్ళేది డ్రైవరు, కలాసీలు (బోటులో వాటాకు పనిచేసేవాళ్ళు). అదే భీమిలి, మంగమారిపేట, పెదజాలారిపేట నుంచి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిన ముత్యాలమ్మపాలెం, పూడిమడక దాకా ఊళ్ళ రేవుల్లో చూస్తే ఫైబర్ తెప్పలు, నావలు. చీకట్లో వెళ్ళి పొద్దెక్కాక వచ్చేస్తారు, యజమాని కూడా నలుగురితో పాటే బోటెక్కుతాడు. ఇక ఒడ్డు మీద నుంచి పెదవల లాగే చోట బోటు ఒక్కటే ఉంటుంది, తాడు పట్టుకునే చేతులు మాత్రం బోలెడు.

డబ్బు పంచుకునే పద్ధతి కూడా ఇక్కడ ముఖ్యమే. చేప అమ్మగా వచ్చినదాంట్లోంచి నూనె, ఐసు, తిండి ఖర్చు తీసేసి మిగిలింది వాటాలు వేస్తారు. మనిషికి వాటా ఉన్నట్టే బోటుకీ, వలకీ, ఇంజనుకీ వాటా ఉంటుంది. ఎన్ని వాటాలన్నది రేవు రేవుకీ మారుతుంది. దీని అర్థం, పోయిన బోటుకు పరిహారం వస్తే అది యజమానికి వస్తుంది, అందులో కలాసీకి హక్కేమీ ఉండదు. బోటు తయారై మళ్ళీ నీళ్ళలో దిగేదాకా, అది రెండు నెలలైనా ఆరు నెలలైనా, కలాసీ వాటా సున్నా. అయినా సర్వేకి వచ్చినవాళ్ళు ‘ఏం పోయింది?’ అని అడిగితే అతని దగ్గర చూపించడానికి విరిగిన చెక్క ముక్క కూడా ఉండదు. పోయింది కూలి. కూలి పోతే ఫొటో తీయడానికి ఏముంటుంది?

వలల దగ్గరికొద్దాం, ఎందుకంటే దాతలు అందరికన్నా ముందు కొనేది వలలే, అందరికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేదీ అక్కడే. వల అంటే షాపులో దొరికే సరుకు అనుకుంటాం. షాపులో దొరికేది నైలాన్ గుడ్డ మాత్రమే. దానికి పై అంచున తాడు వేసి బెండ్లు కట్టాలి, కింది అంచున సీసం గుళ్ళు కట్టాలి, గుడ్డను తాడు మీద ఎంత వదులుగా అల్లుకుంటే ఆ వల నీళ్ళలో ఎలా నిలబడుతుందన్నది తేలుతుంది. ఇది చేతిపని, రోజులు పడుతుంది, వయసు మళ్ళి వేటకు వెళ్ళలేని పెద్దాయన రేవులో పందిరి కింద కూర్చుని కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని చేసే పని. పైగా ఒక్కో చేపకు ఒక్కో వల. కవ్వళ్ళ వలకు కన్ను, అంటే వల రంధ్రం, చిన్నది, కోనాం వలకు పెద్దది, రొయ్యకి వేసే డిస్కో వల మూడు పొరలుంటుంది. ఒక కుటుంబం దగ్గర నాలుగైదు రకాలు ఉంటాయి, ఏ కాలంలో ఏ చేప తగిలితే ఆ వల తీస్తారు. ఇప్పుడు మీరు ఊరందరికీ ఒకే గుడ్డ, ఒకే కన్ను కొని, బ్యానరు కట్టి పంచారనుకోండి. అందరూ దండం పెట్టి తీసుకుంటారు, వద్దనే అలవాటు మనవాళ్ళకు లేదు. ఆ సీజనుకు ఆ చేప లేకపోతే అది అటక మీదకు పోతుంది, లేదా సగం ధరకు ఎవరికో వెళ్తుంది. వల ఇవ్వాలనుకుంటే ఏ కన్ను, ఏ దారం, ఎంత బరువు అని ఇంటింటికీ అడిగి రాసుకోండి. బెండ్లు, గుళ్ళు, తాడు, అల్లేవాళ్ళ కూలి కూడా బడ్జెట్‌లో వేసుకోండి. గుడ్డ ఖర్చు ఒక్కటే లెక్కేసుకుంటే సగం వల ఇచ్చినట్టు.

ఇక ప్రభుత్వం ఏమిస్తుంది? విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం (2022 నుంచి 2026 మార్చి దాకా కేంద్రం ఖరారు చేసి ఉంచిన రేట్లివి) పూర్తిగా పోయిన బోటుకు 15,000 రూపాయలు, బాగుచేసుకోగలిగిన బోటుకు 6,000. పూర్తిగా పోయిన వలకు 4,000, చిరిగిన వలకు 3,000. మనిషి చనిపోతే 4 లక్షలు. ఫైబర్ బోటు, ఇంజను, వలలు కలిపితే ఈరోజు ఖర్చు లక్షల్లో మాట, కాబట్టి 15,000 అనేది ఎక్కడికీ చాలదని వేరే చెప్పక్కర్లేదు. నిజమే, పెద్ద తుఫానులప్పుడు రాష్ట్ర ప్రభుత్వాలు దీని మీద తమ వంతు కలుపుతాయి, ప్రత్యేక జీవోలు ఇస్తాయి. 2023 నవంబరులో హార్బరులో అర్ధరాత్రి మంటలు లేచి బోట్లు వరసగా తగలబడినప్పుడు (అది ప్రకృతి విపత్తు కాదు, కానీ నష్టం తీరు అదే) బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రకటించారు. ప్రతిసారీ అలా జరుగుతుందనుకోవడానికి లేదు. ట్రస్టు పెట్టేవాళ్ళు లెక్క వేసుకోవలసింది కనీస రేటు మీద.

ఆ కనీసమైనా అందాలంటే కాగితం ఉండాలి. బోటుకు మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ప్రస్తుత యజమాని పేరు మీదే ఉండాలి, ఆధార్‌లో పేరు, బ్యాంకు పాస్‌పుస్తకంలో పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు కలవాలి. చదువుతుంటే ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. రేవులో కూర్చుంటే తెలుస్తుంది. తండ్రి చనిపోయి చాలా ఏళ్ళయినా బోటు ఆయన పేరునే ఉంటుంది. బావమరిది దగ్గర కొన్న బోటుకు నోటిమాటే పత్రం. ముగ్గురన్నదమ్ములు కలిసి కొన్నదానికి పెద్దాయన ఒక్కడి పేరే ఉంటుంది, ఇప్పుడు ముగ్గురికీ పొయ్యిలు వేరు. ఇంకో తిరకాసుంది. నష్టం లెక్కించడానికి మనుషులు వచ్చేలోపే కొందరు పాపం ఆత్రంగా అప్పు చేసి బోటు బాగుచేయించేసుకుంటారు, తీరా వాళ్ళు వచ్చేసరికి చూపించడానికి నష్టం ఉండదు. సముద్రంలోకే కొట్టుకుపోయిన బోటుకైతే అసలు ఆనవాలే ఉండదు. చెడిపోయిన బోటును రిజిస్ట్రేషన్ నంబరు కనిపించేలా, పక్కన యజమానిని నిలబెట్టి ఫోనులో రెండు ఫొటోలు తీసి పెట్టడం ఖర్చు లేని సాయం. పదివేల దుప్పట్ల కంటే ఎక్కువ డబ్బు ఆ ఊరికి తెచ్చిపెట్టే సాయం కూడా అదేనని నా అభిప్రాయం.

తిరిగిరానివాళ్ళ ఇళ్ళ సంగతి ఇంకా కష్టం. మనిషి ఒడ్డున చనిపోతే దేహం ఉంటుంది, పోస్టుమార్టం ఉంటుంది, ధ్రువపత్రం వస్తుంది. సముద్రంలో గల్లంతైతే ఏడేళ్ళ దాకా కబురు తెలియకపోతేనే చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. పాత సాక్ష్యాధార చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఇదే నియమం. ధ్రువపత్రం లేకపోతే 4 లక్షలు రావు, మత్స్య సంపద యోజన కింద ఉన్న 5 లక్షల ప్రమాద బీమా రాదు, వితంతు పింఛను రాదు, బ్యాంకులో అతని ఖాతా కదలదు. పెద్ద విపత్తుల్లో ప్రభుత్వాలు ఈ ఏడేళ్ళ నిబంధనను సడలించి విచారణ జరిపి ముందే పత్రాలిచ్చిన సందర్భాలున్నాయి, 2017లో ఓఖి తుఫానుకు కేరళ, తమిళనాడు తీరాల్లో వందలమంది కొట్టుకుపోయినప్పుడు అలాగే చేశారు. కానీ ఒక్క బోటు, ముగ్గురు మనుషులు పోయిన చిన్న ప్రమాదానికి ఎవరు జీవో తెస్తారు? పోలీసుస్టేషనులో మిస్సింగ్ కేసు మొదటి రోజే పెట్టించడం, బోటెక్కుతుండగా చూసినవాళ్ళ వాంగ్మూలాలు రాయించడం, కోస్ట్‌గార్డ్ గాలింపు వివరాలు అడిగి తీసుకోవడం, ఇవన్నీ ఎవరో ఒకరు వెంటపడి చేయించాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లోవాళ్ళకు ఇది అయ్యే పని కాదు. ఒక లాయరు, ఆఫీసుల చుట్టూ ఓపికగా తిరిగే ఒక మనిషి ఉంటే ట్రస్టు చేయగలిగిన అతి పెద్ద పని ఇదే కావచ్చు.

ఆడవాళ్ళ లెక్క ఎక్కడా రాదు. నష్టపరిహారం పట్టికలో బోటుకు గడి ఉంది, వలకు గడి ఉంది, చేపలమ్మే మనిషికి గడి లేదు. హార్బరులో తెల్లవారకముందే వేలం పాటలో చేప అరువుకు తీసుకుని, సత్తు తట్టలో ఐసు వేసుకుని, ఆటోలో నలుగురు సర్దుకుని కూర్చుని మద్దిలపాలెం, గాజువాక, గోపాలపట్నం వీధులన్నీ తిరిగి అమ్మి, మర్నాడు పొద్దున్న పాత బాకీ కట్టి కొత్త సరుకు ఎత్తుకుంటుంది. ఆమె వ్యాపారం మొత్తం ఆ ఒక్కరోజు తిరుగుడు డబ్బు మీదే నడుస్తుంది. తుఫానుకు ముందు హెచ్చరికలతో నాలుగు రోజులు, తర్వాత కరెంటు లేక ఐసు ఫ్యాక్టరీలు ఆగి ఇంకొన్ని రోజులు, పైగా ఊరంతా ఇబ్బందుల్లో ఉంటే చేపలు కొనేదెవరు? ఆ వారం పది రోజుల్లో తిరుగుడు డబ్బు ఇంటి ఖర్చుకు కరిగిపోతుంది. ఇక రోజువడ్డీవాళ్ళే గతి: వెయ్యి అని రాసుకుని వంద ముందే పట్టుకుని, రోజుకింత అని వసూలు చేసేవాళ్ళు. ఎండుచేపలు చేసేవాళ్ళ పని ఇంకా అన్యాయం. నెత్తళ్ళో సావిళ్ళో ఉప్పేసి ఎండబెట్టి, ధర వచ్చేదాకా ఆగుదామని ఇంట్లో పెట్టిన సరుకు ఒక్క రాత్రి తడిస్తే కంపు కొట్టి పారబోయడమే. అది వాళ్ళ ఆర్నెల్ల పొదుపు. ఏ ఫారంలో రాస్తారు దాన్ని? చిన్న ట్రస్టు చేతిలో రెండు మూడు లక్షలే ఉన్నాయనుకుంటే, నన్నడిగితే బోటు జోలికి వెళ్ళకండి. ఆ డబ్బుతో ఒక బోటు కూడా పూర్తిగా రాదు. అదే మనిషికి ఐదేసి వేలు చొప్పున ఇస్తే నలభై నుంచి అరవైమంది ఆడవాళ్ళు మర్నాడే వేలం పాటకు వెళ్ళగలరు. ‘ఏటి బాబూ, తిరిగి కట్టాలా?’ అని అడుగుతారు. వడ్డీ లేకుండా కట్టమనండి, డ్వాక్రా సంఘం ద్వారా కట్టించుకుని అదే ఊళ్ళో ఇంకొకరికి ఇవ్వండి. పదిమందిలో ఇద్దరు కట్టలేకపోయినా నష్టం లేదు.

అప్పు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. బోటు యజమానుల్లో చాలామంది వ్యాపారి దగ్గర ముందే డబ్బు తీసుకుని ఉంటారు, దానికి బదులు పట్టిన చేపంతా ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే. బయటివాళ్ళకు ఇది దోపిడీలా కనిపిస్తుంది, కొంతవరకు నిజం కూడా. కానీ తుఫాను తర్వాత బ్యాంకు మేనేజరు ష్యూరిటీ అడుగుతున్నప్పుడు, ఏ కాగితం అడక్కుండా రాత్రికి రాత్రి ఇంజనుకు డబ్బిచ్చేది ఆ వ్యాపారే. ఇంట్లో పెళ్ళికైనా, ఆస్పత్రికైనా అతనే. కొత్తగా వచ్చిన ట్రస్టు మొదటి మీటింగులోనే దళారులను తరిమేస్తాం అని మైకులో చెప్తే ఊరు చప్పట్లు కొడుతుంది, మర్నాడు మళ్ళీ అతని దగ్గరికే వెళ్తుంది. అతను చేసే పనిలో కొంతైనా మీరు చేయగలిగే దాకా ఆ మాట ఎత్తకపోవడమే మంచిది.

బోట్లు పంచే విషయంలో 2004 సునామీ ఒక పెద్ద పాఠం. డిసెంబరు 26 తర్వాత తమిళనాడు తీరానికి ప్రపంచం నలుమూలల నుంచి డబ్బు వచ్చింది, సంస్థలన్నీ బోట్లు పంచడానికి పోటీపడ్డాయి. బోటు ఫొటోలో బాగుంటుంది, దాని మీద సంస్థ పేరు రాయొచ్చు. చివరికి చాలా ఊళ్ళలో పోయిన బోట్ల కంటే కొత్తగా వచ్చినవే ఎక్కువయ్యాయి. హడావుడిగా చేసిన ఫైబర్ బోట్లు కొన్ని నాణ్యత లేక త్వరగానే పాడయ్యాయి. నిన్నటిదాకా ఒకరి బోటులో వెళ్ళినవాళ్ళు యజమానులయ్యారు, బోటుకు సరిపడా మనుషులు దొరకలేదు. ఉన్న చేప అంతే, పట్టే బోట్లు పెరిగాయి. శ్రీలంకలోనూ ఇదే కథ. ఇక్కడ కూడా ఒడ్డుకు దగ్గరలో చేప తగ్గిపోయిందని పెద్దవాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు, తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు చిన్న బోట్లకే అని నిబంధన ఉన్నా మరబోట్లు లోపలికి వచ్చేస్తున్నాయని గొడవలు. అలాంటప్పుడు లేనివాడికి కొత్త బోటు ఇవ్వడం కంటే ఉన్నవాడి పాత బోటును బాగుచేయించడం మేలు. ఫైబర్ పని వచ్చిన మేస్త్రీలు ఊళ్ళలోనే ఉన్నారు, ఇంజను మెకానిక్కులు ఉన్నారు. ఉప్పునీళ్ళలో మునిగిన ఇంజనును త్వరగా విప్పి, మంచినీళ్ళతో కడిగి నూనె పట్టిస్తే చాలాసార్లు బతుకుతుంది. పది రోజులు వదిలేస్తే తుక్కు కింద లెక్క. తుఫాను వెళ్ళిన మర్నాడు నలుగురు మెకానిక్కులను రేవులో దించడం ఎంత చవకో, ఎంత పెద్ద సాయమో చూడండి.

ఇచ్చేది ఏదైనా ఊళ్ళో ఉన్న తగాదాలో మీరు ఒక పక్షం తీసుకున్నట్టు అవుతుందేమో చూసుకోవాలి. 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపును చుట్టేసి పట్టే పెద్ద వలలు) విషయంలో పెదజాలారిపేట, వాసవానిపాలెం వాళ్ళ మధ్య గొడవ బోట్లకు నిప్పు పెట్టేదాకా వెళ్ళింది. ఆ రోజుల్లో ఎవరైనా మంచి మనసుతో రింగు వల కొనిచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఏ వల ఎక్కడ వేయొచ్చు, ఏది వేయకూడదు అన్నదాని మీద ఊరి పెద్దల కట్టుబాట్లు ఉంటాయి, చట్టం వేరేగా ఉంటుంది, రెండూ తెలుసుకుని దిగాలి. పెద్దలను పక్కనపెట్టి ఏ పనీ జరగదు, పెద్దలు ఇచ్చిన జాబితా ఒక్కటే పట్టుకుంటే విధవరాళ్ళు, పెద్దలతో పడనివాళ్ళు, వేరే ఊరి నుంచి వచ్చి అద్దెకుంటున్న కలాసీలు రాలిపోతారు. సర్కారు జాబితా, సహకార సంఘం జాబితా, పెద్దల జాబితా మూడూ తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలో ఉండి మూడోదాంట్లో లేని పేర్ల దగ్గరే మీ పని. తర్వాత మొత్తం జాబితాను గుడి దగ్గర, ఆడవాళ్ళు కూడా ఉండే వేళ చూసి, గట్టిగా చదివించండి. గొడవ అవుతుంది, కానివ్వండి. పంచాక అయ్యే గొడవ కంటే పంచకముందు అయ్యే గొడవ నయం.

ఇప్పుడు చట్టం. మూడు దారులున్నాయి. ట్రస్టు అన్నిటికన్నా సులువు: డీడ్, ఇద్దరు ముగ్గురు ట్రస్టీలు, సబ్ రిజిస్ట్రార్. సొసైటీ అయితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, ఎన్నికలు, ఏటా రిజిస్ట్రారుకు లెక్కలు. సెక్షన్ 8 కంపెనీకి, అంటే లాభం పంచుకోని సేవా కంపెనీకి, ఇద్దరు చాలు గానీ ఏటా కట్టే ఫైలింగులు, ఆడిట్ ఖర్చు చిన్న సంస్థకు బరువు. నలుగురు స్నేహితులు కలిసి పెట్టేదైతే ట్రస్టు చాలు. మత్స్యకారులే సభ్యులుగా, వాళ్ళే పెత్తనం చేసేలా ఉండాలంటే సొసైటీ నయం, నాకైతే అదే ఇష్టం, కాకపోతే ఎన్నికల రాజకీయాలు తట్టుకోవాలి. డీడ్‌లో లక్ష్యాలు రాసేటప్పుడు ఫలానా కులం సంక్షేమం కోసం అని రాయించుకోకండి. ఏదో ఒక కులానికో మతానికో ప్రత్యేకించిన సంస్థలకు పన్ను మినహాయింపు నిబంధనలు అడ్డొస్తాయి. వెనుకబడిన తరగతుల కోసం పెట్టిన సంస్థలకు వెసులుబాటు ఉన్నా, వివరణలు ఇచ్చుకుంటూ కూర్చోవడం ఎందుకు? ‘మత్స్యకారులు, చేపల మీద ఆధారపడి బతికే కుటుంబాలు’ అని వృత్తిని రాస్తే సరిపోతుంది. ఒకే పేటలో వాడబలిజలు, జాలార్లు, ఇంకా వేరేవాళ్ళు కలిసే ఉంటారు కూడా.

తర్వాత పన్ను కాగితాలు. అందరూ 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (చందా ఇచ్చినవాళ్ళకు మినహాయింపు) అని పిలుచుకునేవి. కొత్త సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ముందు మూడేళ్ళకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. (2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ నంబర్లు మారాయి, వాడుకలో పేర్లు మాత్రం అవే నడుస్తాయి.) వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చేయాలన్న నియమం ఉంది, అంతకు మించి మిగిల్చి దాచుకోవాలంటే కారణం చూపిస్తూ గడువులోగా ఫారం వేయాలి. విపత్తు కోసం నిధి కూడబెట్టాలనుకునేవాళ్ళు ఇది తెలియక ఇరుక్కుంటారు. చందా నగదుగా 2,000 రూపాయలు దాటితే దాతకు మినహాయింపు రాదు. అసలు ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇప్పుడు కొత్త పన్ను విధానంలోకి వెళ్ళిపోయారు, అందులో 80జీ మినహాయింపే లేదు. కాబట్టి 80జీ ఉందని చెప్తే చందాలు వచ్చిపడతాయనే భ్రమ వద్దు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళు, వ్యాపారులు అడుగుతారు, వాళ్ళ కోసం ఉండాలి.

అమెరికా డబ్బు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. అక్కడ ఒకరైనా లేని ఇల్లు మనకు లేదు, తుఫాను రాగానే వాళ్ళే ముందు ఫోను చేస్తారు. భారతీయ పౌరుడు, అంటే మన పాస్‌పోర్టు ఉన్న మనిషి, ఎన్నేళ్ళుగా అక్కడున్నా తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అతను పంపేది విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం పోగుచేసి పంపినా అంతే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ, కేంద్రం ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క డాలరు తీసుకున్నా నేరం. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ళ వయసుండాలి, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి, ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరవాలి. పోనీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థకు వేయించి వాళ్ళ దగ్గర తీసుకుందామా అంటే, 2020 సవరణ తర్వాత ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు విదేశీ డబ్బు బదిలీ చేయడం నిషేధం. కొత్తవాళ్ళకు మిగిలిన సులువైన దారి ఇదే: ఆ డబ్బు పెద్ద సంస్థే ఖర్చు చేయాలి, మీరు జాబితా, మనుషులు, ఊరి పరిచయం అందించాలి. పేరు వాళ్ళదే వస్తుంది. రానివ్వండి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే) డబ్బు కూడా విశాఖలో ఊరిస్తూ ఉంటుంది, పోర్టు, రిఫైనరీ, మందుల కంపెనీలు ఇన్ని ఉన్నాయి కదా. విపత్తు సహాయం, పునర్నిర్మాణం సీఎస్ఆర్ జాబితాలో ఉన్న పనులే. కానీ కంపెనీ మీ చేతికి డబ్బివ్వాలంటే సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు, పన్ను రిజిస్ట్రేషన్లు, దానికి తోడు మూడేళ్ళ పని అనుభవం చూపించాలి. అంటే తుఫాను వచ్చాక పుట్టిన ట్రస్టుకు ఆ తుఫాను డబ్బులో విదేశాలది దక్కడం కష్టం, కంపెనీలదీ దక్కదు. మొదటి మూడేళ్ళూ స్నేహితులు, బంధువులు, ఆఫీసులో పక్క సీటువాళ్ళు ఇచ్చేదే. ఆ చిన్న డబ్బుతో చేయదగ్గ పనులు పైన చెప్పుకున్నవే: కాగితాలు, ఇంజన్లు కడిగించడం, చేపలమ్మేవాళ్ళకు తిరుగుడు డబ్బు, కలాసీ ఇంటికి రెండు నెలల బియ్యం.

అందుకని తుఫాను కోసం ఎదురుచూడకుండా వేట నిషేధం రోజుల్లో మొదలుపెట్టడం మంచిది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఇళ్ళల్లోనే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ మాట్లాడే తీరిక ఉంటుంది. అదే సమయంలో నిషేధ భృతి కోసం మత్స్యశాఖవాళ్ళు కూడా రేవుల్లో పేర్లు రాస్తుంటారు, ఎవరి పేరు తప్పిపోయిందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఒకే ఒక్క రేవు తీసుకోండి. ప్రతి బోటు ఫొటో, రిజిస్ట్రేషన్ కాగితం, ఆధార్, పాస్‌పుస్తకం, నామినీ పేరు, బోటులో ఎవరెవరు వెళ్తారు, ఇంట్లో చేపలమ్మేదెవరు, ఏ కన్ను వలలు ఉన్నాయి — ఇవన్నీ ఒక రిజిస్టరులో రాసి, ఒక కాపీ ఊళ్ళో, ఒకటి నీళ్ళు చేరని చోట ఉంచండి. పేర్లు కలవనివాళ్ళను సచివాలయంలో మత్స్య సహాయకుడి దగ్గరకు తీసుకెళ్ళి సరిచేయించండి, ఇది ఒక్కరోజులో తేలదు, అక్టోబరు గాలులు మొదలయ్యేలోపు ఎంతమందివైతే అంతమందివి. ఆ జూన్‌లోనే డీడ్ కూడా రిజిస్టరు చేయించేయండి, మూడేళ్ళ లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది.